లోహపు కడ్డీ సాగి తెగేదాకా: టెన్సైల్ టెస్ట్ చేయడం, గ్రాఫ్ చదవడం

మైల్డ్ స్టీల్ కడ్డీని యంత్రంలో బిగించి లాగితే వచ్చే గ్రాఫ్‌ను ఇంజనీరింగ్ చదివినవాళ్లంతా కళ్లు మూసుకుని గీసేస్తారు. ముందు నిటారు గీత, తర్వాత చిన్న జారుడు, కాస్త దూరం అడ్డంగా నడక, మళ్లీ పైకి ఒక వంపు, చివర్లో కిందికి దిగి తెగిపోవడం. ఆ చివర్లో గ్రాఫ్ ఎందుకు దిగింది, లోహం బలహీనపడిందా అని అడిగితే మాత్రం ఎక్కువమంది అవుననే అంటారు. కాదు. తెగబోయే ముందు ఆ కడ్డీ నడుము దగ్గరున్న లోహం మోస్తున్న ప్రతిబలం (ఒక్కో చదరపు మి.మీ. మీద పడే బలం), పరీక్ష మొదలైనప్పటి నుంచీ ఎప్పుడూ మోయనంత. బట్టీపట్టిన గ్రాఫ్ ఈ సంగతి చెప్పదు. లాగుతున్నంతసేపూ ఒకే ప్రశ్న వేసుకుంటూ పోతే తెలుస్తుంది: ఇప్పుడు సాగుతున్నది కడ్డీలో ఏ భాగం?

ఉదాహరణకు మెత్తని మైల్డ్ స్టీల్ నమూనా ఒకటి తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి ఎంచుకున్నవే అయినా, అలాంటి ఉక్కుకు సహజంగా వచ్చే స్థాయిలోనే ఉన్నాయి.

1. నమూనా తయారీ

లేత్ మీద గుండ్రటి నమూనా తీయండి. మధ్యభాగం వ్యాసం 10 మి.మీ., ఆ సమాంతర భాగం పొడవు 60 మి.మీ. రెండు చివర్లూ లావుగా ఉండాలి. లావు భాగం సన్నభాగంతో కలిసేచోట పదునైన మెట్టు లేకుండా నున్నటి వంపు ఉండాలి. మెట్టు ఉంటే ప్రతిబలం అక్కడే పోగుపడి కడ్డీ అక్కడే తెగుతుంది, పరీక్ష వృథా అవుతుంది. చివరి కోతలు పలచగా తీయండి. లోతుగా కోస్తే ఉపరితలం వేడెక్కి, నలిగి, లోపలి లోహం కంటే గట్టిపడుతుంది. అప్పుడు మీరు కొలిచేది మీ పనితనాన్నే తప్ప లోహాన్ని కాదు.

వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో మూడుచోట్ల, ఒక్కోచోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. వ్యాసంలో 0.1 మి.మీ. పొరపాటు జరిగితే వైశాల్యంలో 2 శాతం తేడా వస్తుంది, ఆ తేడా ప్రతి జవాబులోకీ పాకుతుంది. మన నమూనా వైశాల్యం 78.54 చదరపు మి.మీ.

ఇక గేజ్ పొడవు, అంటే సాగుదల కొలవడానికి గుర్తు పెట్టుకునే పొడవు. ఐఎస్‌ఓ 6892-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది 5.65 × √వైశాల్యం. గుండ్రటి కడ్డీకి ఇది వ్యాసానికి 5 రెట్లు, అంటే మనకు 50 మి.మీ. అమెరికా వాళ్ల ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఈ8లో గుండ్రటి నమూనాకు 4 రెట్లే తీసుకుంటారు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, దీనివల్ల ఎంత గందరగోళం పుడుతుందో చివర్లో కొలతలు తీసేటప్పుడు చూద్దాం.

ఆ 50 మి.మీ.ను 5 మి.మీ. చొప్పున పది గడులుగా గీతలు పెట్టండి. మార్కింగ్ ఇంకు పూసి పైపైన గీస్తే చాలు. పంచ్‌తో గుంటలు కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. మెత్తని ఉక్కుకు పర్వాలేదు గానీ, పెళుసు లోహాల్లో, బాగా గట్టిపరిచిన ఉక్కులో పగులు ఆ గుంట దగ్గరే మొదలవుతుంది. పది గీతలు పెట్టడం చాదస్తంలా అనిపించినా మానకండి. పరీక్షంతా అయ్యాక అసలు కథ చెప్పేవి అవే.

2. బిగింపు, కొలిచే పరికరం, వేగం

నమూనా ఇరుసు, లాగే దిశ ఒకే గీతలో ఉండాలి. ఏమాత్రం ఏటవాలుగా బిగించినా ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ లాగుడు పడుతుంది. మొదట పై దవడల్లో బిగించండి, లోడ్‌ను సున్నా చేయండి, ఆ తర్వాతే కింది దవడలు బిగించండి. రెండువైపులా బిగించాక సున్నా చేస్తే, బిగింపులోనే కడ్డీ మీద పడిన బలం లెక్కలోంచి మాయమైపోతుంది.

సాగుదలను క్రాస్‌హెడ్ (దవడను లాగే యంత్రపు అడ్డదూలం) కదలిక బట్టి లెక్కకట్టడం ఈ పరీక్షలో అన్నిటికంటే మామూలు తప్పు. మన కడ్డీని 10 కిలోన్యూటన్ల బలంతో లాగితే ప్రతిబలం 127 మెగాపాస్కల్స్. ఉక్కు యంగ్ గుణకం (ప్రతిబలాన్ని సాగిన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) సుమారు 200 గిగాపాస్కల్స్ కాబట్టి 50 మి.మీ. గేజ్ పొడవు సాగేది 0.032 మి.మీ. మాత్రమే. అదే సమయంలో దవడల్లో కడ్డీ కొద్దిగా జారుతుంది, స్క్రూలు సాగుతాయి, ఫ్రేమ్ వంగుతుంది. ఇవన్నీ కలిసి క్రాస్‌హెడ్ 0.4 మి.మీ. కదిలిందనుకోండి. దాన్ని 50తో భాగించి గుణకం కడితే 16 గిగాపాస్కల్స్ వస్తుంది. అంత మెత్తని ఉక్కు ఎక్కడా లేదు. అందుకే సాగుదల కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్‌ను నేరుగా గేజ్ పొడవు మీదే తగిలించాలి. ఈల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు) దాటాక క్రాస్‌హెడ్ కదలికతో పని నడుస్తుంది, ఎందుకంటే అప్పుడు సాగుదల మిల్లీమీటర్లలో ఉంటుంది, యంత్రం పొరపాటు అందులో చిన్నదైపోతుంది.

వేగం సంగతి కూడా ఐఎస్‌ఓ చెబుతుంది. అందులోని ఒక పద్ధతిలో ఈల్డ్ వరకు వికృతి (మొదటి పొడవుతో పోలిస్తే సాగిన నిష్పత్తి) రేటు సెకనుకు 0.00025, ఆ తర్వాత 0.0067 వరకు పెంచుకోవచ్చు. మన 60 మి.మీ. సమాంతర భాగానికి అవి నిమిషానికి 0.9 మి.మీ., తర్వాత 24 మి.మీ. తొందరపడి మొదటినుంచీ వేగంగా లాగితే ఉక్కు ఈల్డ్ బలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సరుకు పాసవ్వాలని చూసేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు.

కళ్లద్దాలు పెట్టుకోండి. లాగేటప్పుడు పెళుసు లోహం ముక్కలు ఎగిరివస్తాయి. తెగేదాకా తగిలించి ఉంచేందుకు తయారుచేసినది కాకపోతే, ఎక్స్‌టెన్సోమీటర్‌ను నడుము సన్నబడకముందే తీసేయండి.

3. నిటారు గీత: సాగేది పరమాణు బంధాలు

ఈ దశలో మన ప్రశ్నకు జవాబు సులువు. గేజ్ పొడవంతా ఒకే తీరుగా, ప్రతి పరమాణు బంధమూ రవ్వంత సాగుతుంది. బలం తీసేస్తే యథాస్థానానికి వచ్చేస్తుంది. సాగుదల బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం ఇదే. పొడవు పెరుగుతుంటే అడ్డంగా కుంచించుకుపోతుంది కూడా. ఉక్కుకు పాయిసన్ నిష్పత్తి (నిలువు సాగుదలలో అడ్డ కుంచింపు ఎన్నో వంతో చెప్పేది) 0.3 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 10 కిలోన్యూటన్ల దగ్గర మన కడ్డీ వ్యాసం 0.0019 మి.మీ. తగ్గుతుంది.

ఈ గీత వాలే యంగ్ గుణకం, అది బంధాల బిగువును చెబుతుంది. అల్యూమినియానికి 70, రాగికి 120 దరిదాపులు, ఉక్కుకు 200, టంగ్‌స్టన్‌కు 400 గిగాపాస్కల్స్. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. హీట్ ట్రీట్‌మెంట్ చేసినా, కొద్దిపాటి మిశ్రధాతువులు కలిపినా ఉక్కు బలం మూడింతలు పెరగవచ్చు గానీ, ఈ వాలు దాదాపు కదలదు. బీమ్ ఎక్కువగా వంగుతోందని మరింత బలమైన ఉక్కుకు మారడం డబ్బు దండగ. వంగడం తగ్గాలంటే కొలతలో మందం పెంచాలి, లేదా ఆకారం మార్చాలి.

గ్రాఫ్ మొదట్లో చిన్న వంకర కనబడితే కంగారుపడకండి. దవడలు సర్దుకునేటప్పుడు వచ్చేదే అది. మధ్యలోని నిటారు భాగాన్ని కిందికి పొడిగించి, అది అడ్డగీతను తాకినచోటును సున్నాగా తీసుకోండి.

4. ఈల్డ్: కడ్డీ అంతా ఒకేసారి లొంగదు

22 కిలోన్యూటన్ల దగ్గర లోడ్ సూది ఒక్కసారి తడబడి 20.4కి జారుతుంది. ప్రతిబలం 280 నుంచి 260 మెగాపాస్కల్స్‌కు పడిపోయిందన్నమాట. ఆ తర్వాత కాసేపు కడ్డీ సాగుతూనే ఉంటుంది, లోడ్ మాత్రం అక్కడక్కడే ఊగుతుంటుంది.

ఈ క్షణంలో కడ్డీ మీద చూపు నిలపండి. పైన నల్లటి ఆక్సైడ్ పొర ఉన్న ఉక్కైతే ఆ పొర ఏటవాలు గీతల వెంట పెచ్చులుగా రాలుతుంది. నున్నగా పాలిష్ చేసినదైతే సుమారు 45 నుంచి 55 డిగ్రీల వాలులో మసకబారిన పట్టీ ఒకటి తేలి, మెల్లగా కడ్డీ పొడవునా పాకుతుంది. వీటినే ల్యూడర్స్ పట్టీలంటారు. పట్టీ దాటిపోయిన చోట లోహం అప్పటికే 1 నుంచి 2 శాతం శాశ్వతంగా సాగి ఉంటుంది. పట్టీ ఇంకా చేరని చోట లోహం పాత స్థితిలోనే, బలం తీసేస్తే వెనక్కి వచ్చేలాగే ఉంటుంది. గ్రాఫ్‌లోని అడ్డ గీత ఈ రెండిటి సగటు మాత్రమే. ఆ గీత మీద సగం దూరంలో ఉండే వికృతి నిజానికి కడ్డీలో ఎక్కడా ఉండదు.

ఇంతకీ సూది ఎందుకు జారింది? లోహం శాశ్వతంగా సాగడమంటే పరమాణు పొరలు ఒకదాని మీద ఒకటి జరగడం. పొర మొత్తం ఒకేసారి జరగాలంటే ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ లెక్కకట్టాడు. నిజమైన మెత్తని స్ఫటికాలు దానికి వేలవంతు బలానికే లొంగిపోతాయి. ఈ చిక్కును 1934లో ఒరొవాన్, పొలాన్యీ, టేలర్ ఎవరికి వారు విడిగా విప్పారు. స్ఫటికంలో డిస్‌లొకేషన్ అనే లోపపు గీతలుంటాయి. గొంగళిపురుగు ఒళ్లంతా ఒకేసారి ఈడ్చుకుపోదు, ఒక మడతను వెనకనుంచి ముందుకు నెట్టుకుంటూ పోతుంది. పొర కూడా ఆ లోపపు గీత వెంట కొద్దికొద్దిగానే జరుగుతుంది. మైల్డ్ స్టీల్‌లో కర్బనం, నత్రజని పరమాణువులు ఈ గీతల చుట్టూ చేరి వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు విడిపించడానికి, లేదా కొత్త గీతలు పుట్టించడానికి ఎక్కువ బలం కావాలి. ఒకసారి కదలిక మొదలైతే తక్కువ బలం చాలు. పై ఈల్డ్, కింది ఈల్డ్ అని రెండు అంకెలు వచ్చేది అందుకే. పై అంకె బిగింపులోని వంకరకు, వేగానికి, ఉపరితలం నునుపుకు ఇట్టే మారిపోతుంది. కింది అంకె అంతకంటే నిలకడ. రిపోర్టులో ఏది రాశారో స్పష్టంగా చెప్పండి.

పొరలు జారడానికి అనువైనది లాగే దిశకు 45 డిగ్రీల వాలు, ఎందుకంటే పొరలను పక్కకు జరిపే కోత ప్రతిబలం అక్కడే గరిష్ఠం, అదీ లాగుడు ప్రతిబలంలో సగం. రాగి, అల్యూమినియం, బంగారం స్ఫటికాల్లో పొరలు జారగల దారులు 12 ఉన్నాయి, అందుకే అవి సులువుగా సాగుతాయి. మెగ్నీషియం, జింకులకు మామూలు ఉష్ణోగ్రతలో తేలికైన దారులు చాలా తక్కువ.

అల్యూమినియం, రాగి లాంటి లోహాల్లో లోడ్ సూది ఇలా జారడం సాధారణంగా కనబడదు. గీత ఎక్కడ వంగిందో కంటికి ఆనదు. అప్పుడు 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ తీస్తారు. అడ్డగీత మీద 0.002 వికృతి దగ్గర, అంటే 50 మి.మీ. గేజ్‌కు 0.1 మి.మీ. సాగుదల దగ్గర చుక్క పెట్టండి. నిటారు భాగానికి సమాంతరంగా అక్కడినుంచి గీత గీయండి. అది వంపును ఖండించినచోటి ప్రతిబలమే ప్రూఫ్ స్ట్రెస్. వాలు తప్పుగా గీస్తే ఈ అంకె కూడా తప్పుతుంది, కాబట్టి 3వ మెట్టులోని శ్రద్ధ ఇక్కడ అక్కరకొస్తుంది.

5. పైకెక్కే వంపు: సాగేది మొత్తం కడ్డీ

డిస్‌లొకేషన్లు కదిలేకొద్దీ వాటి సంఖ్య వేల రెట్లు పెరుగుతుంది. ఒకదానికొకటి అడ్డం పడి, చిక్కుముళ్లు పడి, కదలడం కష్టమవుతుంది. లోహం గట్టిపడుతుంది. దీనివల్ల ఒక చక్కటి సర్దుబాటు జరుగుతుంది. ఎక్కడైనా కడ్డీ కొంచెం ఎక్కువ సాగిందా, అక్కడ గట్టిపడుతుంది. అప్పుడు పక్కనున్న మెత్తని భాగం సాగుతుంది. అది గట్టిపడగానే ఇంకోచోట. ఇలా మీ పది గడులూ సమానంగా పెరుగుతూ వస్తాయి. నమ్మకం లేకపోతే మధ్యలో ఆపి వెర్నియర్‌తో కొలిచి చూడండి.

ఆపినప్పుడే ఇంకో పని చేయండి. 30 కిలోన్యూటన్ల దగ్గర, గేజ్ పొడవు 53 మి.మీ. అయ్యాక, లోడ్ మొత్తం దించేయండి. గ్రాఫ్ వచ్చిన దారిన పోదు. మొదటి నిటారు గీతకు దాదాపు సమాంతరంగా దిగుతుంది. కడ్డీ సుమారు 0.1 మి.మీ. వెనక్కి వచ్చి 52.9 దగ్గర ఆగుతుంది. మళ్లీ లాగితే ఈసారి మళ్లీ 30 దగ్గరే లొంగుతుంది. ఇప్పటి వైశాల్యం 74.1 చదరపు మి.మీ. కాబట్టి కొత్త ఈల్డ్ బలం 405 మెగాపాస్కల్స్. వేడి చేయకుండా తీగ లాగి గట్టిపరిచే పరిశ్రమ అంతా ఈ ఒక్క గీత మీదే నడుస్తోంది. అదే కడ్డీని లాగకుండా వెనక్కి నొక్కితే మాత్రం అనుకున్నదానికంటే ముందే లొంగుతుంది, దీన్ని బౌషింగర్ ప్రభావం అంటారు. లోడ్ దించిన మైల్డ్ స్టీల్‌ను కొన్ని వారాలు వదిలేసినా, కొద్దిగా వేడిచేసినా, కర్బనం, నత్రజని పరమాణువులు మళ్లీ డిస్‌లొకేషన్ల దగ్గరకు చేరతాయి, పోయిన జారుడు గ్రాఫ్‌లో తిరిగి కనబడుతుంది.

శాశ్వతంగా సాగేటప్పుడు లోహం ఘనపరిమాణం మారదు. పొడవు పెరిగినంత మేరా వైశాల్యం తగ్గాల్సిందే. మామూలు గ్రాఫ్ మాత్రం చివరిదాకా బలాన్ని మొదటి వైశాల్యంతోనే భాగిస్తుంది, దాన్నే ఇంజనీరింగ్ ప్రతిబలం అంటారు. నిజమైన ప్రతిబలం కావాలంటే ఇంజనీరింగ్ ప్రతిబలాన్ని (1 + వికృతి)తో గుణించండి. నిజమైన వికృతికి (1 + వికృతి)కి సహజ సంవర్గమానం తీయండి. ఈ రెండు సూత్రాలూ నడుము సన్నబడేదాకానే చెల్లుతాయి.

6. నడుము సన్నబడటం: పోటీలో వైశాల్యం గెలుస్తుంది

33 కిలోన్యూటన్ల దగ్గర లోడ్ శిఖరం చేరుతుంది. గేజ్ పొడవు 60 మి.మీ., అంటే 20 శాతం వికృతి. ఇంజనీరింగ్ లెక్కలో 420 మెగాపాస్కల్స్, ఇదే గరిష్ఠ తన్యబలం. నిజమైన ప్రతిబలం 504, నిజమైన వికృతి 0.18.

ఇంతవరకూ రెండు శక్తులు పోటీపడుతున్నాయి. సాగితే లోహం గట్టిపడి ఎక్కువ బలం మోయగలుగుతుంది. సాగితే వైశాల్యం తగ్గి తక్కువ బలమే మోయగలుగుతుంది. మొదట గట్టిపడటమే పైచేయి. సాగేకొద్దీ గట్టిపడే రేటు మందగిస్తుంది. రెండూ సరిసమానమైన చోటే శిఖరం. నిజమైన ప్రతిబలం పెరిగే రేటు ఆ ప్రతిబలం విలువకే సమానమైనప్పుడు నడుము సన్నబడుతుందని 1885లో కాన్‌సిదేర్ చూపించాడు. శిఖరం దాటాక సర్దుబాటు చెదిరిపోతుంది. ఒకచోట కొంచెం ఎక్కువ సాగితే ఆ లోటును గట్టిపడటం పూడ్చలేదు, కాబట్టి అక్కడే ఇంకా సాగుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు: నడుము దగ్గరి కొద్ది మిల్లీమీటర్లు. మిగతా కడ్డీ సాగడం ఆపేసింది, పైగా లోడ్ తగ్గుతున్నందున రవ్వంత కుంచించుకుపోతోంది కూడా. గ్రాఫ్ దిగుతోందంటే సన్నబడ్డ నడుము మోయగల బలం తగ్గుతోందని అర్థం, అక్కడి లోహం మాత్రం ఇంకా గట్టిపడుతూనే ఉంది.

నిజమైన ప్రతిబలం నిజమైన వికృతి ఘాతంగా పెరిగే లోహాల్లో, శిఖరం దగ్గరి నిజమైన వికృతి ఆ ఘాతాంకానికే సమానం. మన ఉక్కుకు 0.18, మెత్తబరిచిన రాగికి 0.5 దరిదాపులు. రేకును లోతైన ఆకారాల్లోకి సాగదీసి నొక్కేవాళ్లు గరిష్ఠ బలం కంటే ముందు ఈ అంకె చూడాలి. ఇది ఎక్కువైతే సాగుదల ఒకచోట పోగుపడకుండా రేకంతా పంచుకుంటుంది.

7. తెగాక కొలతలు

కడ్డీ 25 కిలోన్యూటన్ల దగ్గర టప్పుమని తెగింది. రెండు ముక్కలనూ ఒకే వరసలో, సందు లేకుండా కలిపి పట్టి గేజ్ పొడవు కొలవండి. 66 మి.మీ. వచ్చింది, అంటే 32 శాతం సాగుదల. ఇక్కడితో ఆపకుండా గడులు విడివిడిగా కొలవండి. నడుముకు దూరంగా ఉన్న ఏడు గడులు ఒక్కోటి 6 మి.మీ., తెగిన గడి 10, దాని రెండు పక్కలా 7 చొప్పున.

దూరపు గడులు 20 శాతం దగ్గరే ఆగిపోయాయి, తెగిన గడి మాత్రం నూరు శాతం సాగింది. అదే కడ్డీకి నడుము చుట్టూ 25 మి.మీ. మాత్రమే గేజ్ పొడవుగా తీసుకుని ఉంటే అది 36 అయ్యేది, సాగుదల 44 శాతం. సమాంతర భాగం ఇంకా పొడవుగా ఉండి 100 మి.మీ. తీసుకుని ఉంటే 126 అయ్యేది, 26 శాతం. లోహం ఒకటే, కడ్డీ లావు ఒకటే, సర్టిఫికెట్ మీద అంకెలు మూడు. వ్యాసానికి 4 రెట్ల గేజ్‌తో, 5 రెట్ల గేజ్‌తో వచ్చిన సాగుదల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదనేది ఇందుకే.

నడుములో అతిసన్నటి చోట వ్యాసం 6.0 మి.మీ., వైశాల్యం 28.27. తగ్గుదల 64 శాతం. ఈ అంకె గేజ్ పొడవు మీద ఆధారపడదు కాబట్టి తాంతవత (తెగకుండా సాగే గుణం) చెప్పడానికి నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. తెగేటప్పటి బలాన్ని మొదటి వైశాల్యంతో భాగిస్తే 318 మెగాపాస్కల్స్. నడుము వైశాల్యంతో భాగిస్తే 884. నడుము వంపు వల్ల అక్కడ లాగుడు మూడు దిశల్లోనూ పడుతుంది, అందువల్ల ఈ 884 కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ప్రభావాన్ని తీసేసే బ్రిడ్జ్‌మన్ సవరణతో దాన్ని కొంత తగ్గించినా, అది 318కి దగ్గరకు కూడా రాదు.

తెగిన ముఖాలు చూడండి. ఒక ముక్క గిన్నెలా, రెండోది దానిలో ఇమిడే మొద్దుబారిన శంకువులా ఉంటుంది. మధ్యలో మసకగా, నారనారగా ఉన్నచోట తెగడం మొదలైంది. మాంగనీస్ సల్ఫైడ్ లాంటి మలినపు రేణువుల చుట్టూ సూక్ష్మమైన ఖాళీలు పుట్టి, పెరిగి, కలిసిపోయాయి. అంచున ఉన్న 45 డిగ్రీల పెదవి ఆఖరి క్షణంలో జారి తెగింది. నడుమే లేకుండా, బల్లపరుపుగా, గరుకుగా మెరుస్తున్న ముఖం కనిపిస్తే అది పెళుసు తెగుదల. ఇదే మైల్డ్ స్టీల్‌ను బాగా చల్లబరచి, గాటు పెట్టి లాగితే అలాగే తెగే అవకాశం ఉంది. అల్యూమినియం, రాగి ఎంత చల్లబడ్డా ఈ మార్పు చూపవు.

తెగినచోటు దగ్గరి గేజ్ గుర్తుకు మరీ చేరువగా ఉంటే, అంటే గేజ్ పొడవులో మూడో వంతు కంటే తక్కువ దూరంలో ఉంటే, ఐఎస్‌ఓ ప్రకారం ఆ సాగుదల శాతాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కావాల్సిన కనీస శాతం అలాగైనా వచ్చేసి ఉంటే మాత్రం ఫలితం చెల్లుతుంది. రాకపోతే మీరు పెట్టిన 5 మి.మీ. గీతలు ఆదుకుంటాయి. తెగినచోటుకు పొడవు మిగిలిన వైపు గడులను లెక్కపెట్టి, లోటున్న వైపుకు వాటి కొలతలే వాడి సాగుదల కట్టే పద్ధతి ఆ ప్రమాణంలోనే ఉంది. దవడల లోపలే తెగితే మాత్రం బిగింపు సరిచేసుకుని కొత్త నమూనాతో మళ్లీ మొదలుపెట్టండి.

రిపోర్టులో ప్రతి సాగుదల శాతం పక్కనా గేజ్ పొడవు, ప్రతి ఈల్డ్ అంకె పక్కనా అది పైదా, కిందిదా, ప్రూఫ్ స్ట్రెస్సా అన్నదీ, దానితోపాటు లాగిన వేగం, గది ఉష్ణోగ్రత రాయండి.